మారుమూల హిమానీ సరస్సుకు స్థలాకృతి పటం: బండమీది మేకు నుంచి అలుగు దాకా

హిమానీనదం కరిగిన నీళ్లు రాళ్లమట్టి కట్ట వెనక నిలిస్తే అది హిమానీ సరస్సు, ఆ కట్ట తెగితే వరద. అలాంటి సరస్సు పటం చేతికొచ్చాక అందరూ వెతికేది నాలుగైదు అంకెలే. నీళ్లు ఎన్ని ఉన్నాయి, నీటిమట్టానికీ కట్ట తలకూ మధ్య ఎడం ఎంత, అలుగు ఎంత వెడల్పు, పై వాలుల నుంచి ఏం జారి పడగలదు. ఈ అంకెలు ఒక్క పరికరం ఇచ్చేవి కావు. దూరపు వాలులు ఉపగ్రహం నుంచి, కట్ట ఆకారం డ్రోన్ నుంచి, లోతులు పడవలోని ఎకో సౌండర్ (ధ్వనితో లోతు కొలిచేది) నుంచి, అలుగు అడుగుభాగం చేతిలోని జీఎన్ఎస్ఎస్ రిసీవర్ (జీపీఎస్ వంటి ఉపగ్రహాలతో స్థానం చెప్పేది) నుంచి వస్తాయి. నాలుగూ ఒకే ఎత్తు లెక్కలో లేకపోతే పటం చూడ్డానికి బాగానే ఉంటుంది, కట్ట మీద ఎడం మాత్రం రెండు మీటర్లో ముప్పై రెండు మీటర్లో ఎవరూ చెప్పలేరు. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ ఎత్తుల ప్రస్తావన మళ్లీ మళ్లీ వస్తుంది.

బయల్దేరే ముందు

నెల ముందే ఉపగ్రహ చిత్రాలతో ముసాయిదా పటం గీసుకోండి. సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, 10 మీ. పిక్సెల్, ఒకే చోటికి అయిదు రోజులకోసారి వస్తాయి. ఆకుపచ్చ బ్యాండ్ (బీ3) నుంచి సమీప పరారుణ బ్యాండ్ (బీ8) తీసేసి, ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే వచ్చే నీటి సూచికతో సరస్సు అంచు సులువుగా తేలుతుంది. చిక్కల్లా నీడలతోనే. ఎత్తయిన గోడ పక్కన పడ్డ నీడ ఈ సూచికలో నీళ్లలాగే కనిపిస్తుంది. నీళ్లు వాలుగా నిలవవు కాబట్టి, ఎత్తుల నమూనా (నేల ఎత్తులను గళ్లుగా చూపే డిజిటల్ ఫైలు) నుంచి వాలు లెక్కగట్టి 10 డిగ్రీలు దాటినవి కొట్టేస్తే చాలా నీడలు పోతాయి. ఇక్కడో మెలిక ఉంది. ఎత్తుల నమూనా పాతదైతే ఈరోజు సరస్సు ఉన్నచోట అందులో హిమానీనదం ఉంటుంది, దాని ముఖం నిటారుగా ఉంటుంది. అప్పుడు నిజమైన సరస్సు ముక్కే కొట్టుకుపోతుంది. ఎస్ఆర్‌టీఎమ్ అనే అంతరిక్ష నౌక రాడార్ నమూనా కొలిచింది 2000 ఫిబ్రవరిలో, 11 రోజుల పాటు. పైగా దాని రాడార్ తరంగాలు పొడి మంచులోకి కొన్ని మీటర్లు దిగుతాయి, కాబట్టి మంచు మీద ఎత్తులు తక్కువ చూపుతుంది. కోపర్నికస్ 30 మీ. నమూనాకు ఆధారం 2011 - 2015 మధ్య తీసిన ట్యాన్‌డెమ్-ఎక్స్ రాడార్ డేటా. రెండింట్లో ఇదే మేలు, అయినా ఇదీ నేటిది కాదు.

నీళ్ల పరిమాణం సుమారుగా ఎంతో ముందే తెలిస్తే తాడు పొడవు, సౌండర్ రకం తేల్చుకోవచ్చు. 2002లో హగ్గెల్ బృందం ఇచ్చిన సూత్రం ఇప్పటికీ వాడుకలో ఉంది: చదరపు మీటర్లలో విస్తీర్ణాన్ని 1.42 ఘాతానికి పెంచి 0.104తో గుణిస్తే ఘనపు మీటర్లలో పరిమాణం. చదరపు కిలోమీటరు సరస్సుకు ఇది దాదాపు 3.4 కోట్ల ఘనపు మీటర్లు, అంటే సగటు లోతు 34 మీ. దీన్ని సామాను సర్దుకోవడానికి మాత్రమే వాడండి. ఒకే విస్తీర్ణమున్న రెండు సరస్సుల్లో ఒకటి హిమానీనదం తొలిచిన లోతైన గుంట కావచ్చు, రెండోది మంచు మీద పరుచుకున్న పల్చటి మడుగు కావచ్చు. నిజమైన పరిమాణం ఈ లెక్కకు ఎంతో దూరంగా ఉన్న సరస్సులు చాలా ఉన్నాయి.

కాలం విషయానికొస్తే, కరుగుడు ముగిసి కొత్త మంచు పడకముందు వెళ్లడం మంచిది. పాత మంచు తొలగి నేల కనిపిస్తుంది, నీటిమట్టం కాస్త కుదురుగా ఉంటుంది. కొత్త మంచు పడ్డాక డ్రోన్ ఫొటోల్లో తెల్లటి ఖాళీ తప్ప ఏమీ ఉండదు.

అనుమతులు ఈ పనిలో సగం. సరిహద్దు ప్రాంతాల్లో, రక్షిత అడవుల్లో డ్రోన్‌కు, సర్వేకు వేర్వేరుగా తీసుకోవాలి. శాటిలైట్ ఫోన్ అనుమతి లేకుండా దగ్గరుంటేనే నేరమయ్యే దేశాలున్నాయి, భారత్ అందులో ఒకటి. విమానంలో బ్యాటరీలు చేతిసామానులోనే తీసుకెళ్లాలి. 100 వాట్-అవర్ దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి, 160 దాటితే ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు. పెద్ద డ్రోన్ల బ్యాటరీలు ఇక్కడే ఆగిపోతాయి. కొనేముందే ఆ అంకె చూడండి.

3,000 మీ. దాటాక పడుకునే ఎత్తు రోజుకు 500 మీ. కంటే పెంచకూడదు, మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. ఇది ఆరోగ్య సూత్రమే, సర్వే సూత్రం కూడా. తలనొప్పితో ఉన్న మనిషి యాంటెన్నా ఎత్తు తప్పు రాస్తాడు.

బండమీద మేకు

మొదటిరోజు పని ఒక్కటే: బేస్ పాయింట్, అంటే మిగతా కొలతలన్నీ ముడిపడే స్థిర బిందువు. దాన్ని మొరైన్ (హిమానీనదం తోసి పోసిన రాళ్లమట్టి దిబ్బ) మీద ఎన్నడూ పెట్టకండి. మొరైన్ పైకి రాళ్లూ మట్టీ కనిపించినా లోపల తరచూ పాత మంచు పూడిపోయి ఉంటుంది. అది కరిగినకొద్దీ పైనున్న రాయి కిందికి దిగుతుంది, పక్కకు జరుగుతుంది. ఇల్లంత బండరాయి అయినా అంతే, అది మంచు మీద కూర్చున్న బండ. నేలలోంచి లేచిన సిసలైన పర్వత శిల దొరికేదాకా వెతకండి, అందుకోసం సరస్సుకు కిలోమీటరు దూరం పోవాల్సొచ్చినా సరే. శిలలో పగుళ్లు లేని చోట 8 లేక 10 మి.మీ. రంధ్రం 6 - 7 సెం.మీ. లోతుకు తొలిచి, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టును ఎపాక్సీతో బిగించండి. చలిలో ఎపాక్సీ గట్టిపడటానికి గంటలు పడుతుంది, ట్యూబును కోటు లోపల వెచ్చగా ఉంచి వాడండి. బోల్టు తలమీద చిన్న గుంట ఉండాలి, కొలత ఎప్పుడూ ఆ గుంటకే.

ఒక్క బోల్టు చాలదు. కనీసం మూడు కావాలి, ఒకటి రెండు సరస్సు అవతలి ఒడ్డున ఉంటే ఇంకా మంచిది. మళ్లీ వచ్చినప్పుడు మూడింటి మధ్య దూరాలు కుదిరితే ఏదీ కదలలేదని అర్థం. ఒకటే ఉంటే కదిలిందో లేదో చెప్పే సాక్షి ఉండదు.

దానిమీద రెండు ఫ్రీక్వెన్సీల జీఎన్ఎస్ఎస్ రిసీవర్ పెట్టి, జీపీఎస్‌తో పాటు గెలీలియో, గ్లోనాస్, బైదూ అన్నీ తెరిచి, సెకనుకొకటి చొప్పున రికార్డు చేయండి. దగ్గర్లో శాశ్వత స్టేషన్ ఉండదు కాబట్టి స్థానాన్ని తర్వాత పీపీపీ పద్ధతిలో (ఉపగ్రహాల ఖచ్చితమైన కక్ష్యలు, గడియారాల డేటాతో) లెక్కిస్తాం. కెనడా ప్రభుత్వ సీఎస్ఆర్ఎస్-పీపీపీ ఉచితంగా చేసిపెడుతుంది. ఆస్ట్రేలియా వారి ఆస్‌పాస్ కూడా ఉచితమే, అది మాత్రం పీపీపీ కాదు, దూరపు శాశ్వత స్టేషన్లతో పోల్చి లెక్కిస్తుంది. నాలుగు గంటలు కనీసం, రాత్రంతా ఉంచితే ఉత్తమం. లోయ గోడలు ఆకాశాన్ని సగం మింగేసిన చోట ఒక గంట డేటాతో ఎత్తు నిలకడగా రాదు. ఐజీఎస్ (అంతర్జాతీయ జీఎన్ఎస్ఎస్ సేవ) తుది కక్ష్యల డేటా రెండు వారాల తర్వాత వస్తుంది. తుది లెక్క దానితోనే చేయండి.

ఈ దశలో ఎక్కువగా జరిగే తప్పు యాంటెన్నా ఎత్తు. టేపుతో కొలిచింది ఏటవాలు ఎత్తా, నిలువు ఎత్తా? యాంటెన్నా కింది అంచుకా, ఫేజ్ సెంటర్‌కా (సంకేతం అందే లోపలి బిందువుకా)? సాఫ్ట్‌వేర్ ఏది అడుగుతోంది? మొదలుపెట్టేముందు ఒకసారి, ఆపేముందు మళ్లీ కొలిచి కాగితం మీద రాయండి, టేపు కనిపించేలా ఫొటో తీయండి. రెండు కొలతల మధ్య తేడా 2 - 3 మి.మీ. దాటితే ట్రైపాడ్ కాలు దిగినట్టు. ట్రైపాడ్ కాళ్ల కింద మంచు ఉండకూడదు, ఎండకు కరిగి రెండు గంటల్లో ఒరిగిపోతుంది.

ఎత్తుల లెక్క

ఉపగ్రహ రిసీవర్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ ఎత్తు. అది గణితంలోని నున్నటి భూమి నుంచి కొలిచింది, నీళ్లకు ఆ ఉపరితలంతో పనిలేదు. నీళ్లు పాటించేది జియాయిడ్‌ను, అంటే సగటు సముద్రమట్టాన్ని నేల కిందా కొనసాగించినట్టుండే ఉపరితలాన్ని. రెండింటి మధ్య తేడా భూమ్మీద చోటును బట్టి సుమారు -106 మీ. నుంచి +85 మీ. వరకు ఉంటుంది. కోపర్నికస్ నమూనా ఎత్తులు ఈజీఎమ్2008 జియాయిడ్ నుంచి లెక్కేసినవి, ఎస్ఆర్‌టీఎమ్‌వి ఈజీఎమ్96 నుంచి, డ్రోన్ ఫొటోల్లో ఉండేవి తరచూ ఎలిప్సాయిడ్‌వి. ఈ మూడూ కలిపి ఒకే ఫైలులో పోస్తే పటంలో లేని కొండచరియలు పుడతాయి. ప్రాజెక్టు మొత్తానికి ఒకే జియాయిడ్ ఎంచుకుని, ఫైలు పేరులోనే రాసేయండి: 'ఈజీఎమ్2008' అనో 'ఎలిప్సాయిడ్' అనో. 'ఎత్తు' అని మాత్రం ఎక్కడా ఊరికే రాయకండి.

అడ్డంగా కూడా ఒక మాయ ఉంది. యూటీఎమ్ (భూమిని జోన్లుగా విడదీసి చదునుగా గీసే విధానం) పటం మీద దూరం, నేలమీద దూరం ఒకటి కావు. జోన్ మధ్యరేఖ దగ్గర పటం 0.9996 వంతుకు కుదిస్తుంది. 5,000 మీ. ఎత్తులో భూమి వ్యాసార్థం పెరిగినట్టే కాబట్టి మరో 0.9992 కలుస్తుంది. రెండూ కలిపి కిలోమీటరుకు దాదాపు 1.2 మీ. తక్కువ. టేపుతో లేక టోటల్ స్టేషన్‌తో (కాంతితో దూరం, కోణం కొలిచే పరికరం) కొలిచిన దూరాలను జీఎన్ఎస్ఎస్ బిందువులతో పోల్చి 'పరికరం పాడైంది' అనుకునేవాళ్లలో చాలామందికి తగిలింది ఇదే.

టోటల్ స్టేషన్ వాడితే గాలి పీడనం, ఉష్ణోగ్రత తప్పక ఎక్కించాలి. 5,000 మీ. దగ్గర పీడనం 540 హెక్టోపాస్కల్ చుట్టూ ఉంటుంది. పరికరాన్ని సముద్రమట్టం సెట్టింగులోనే వదిలేస్తే దూరం కిలోమీటరుకు 13 సెం.మీ. తక్కువ చూపుతుంది. వాతావరణ యాప్ ఇచ్చే పీడనం సముద్రమట్టానికి సవరించినది, అది ఇక్కడ చెల్లదు. నిలబడ్డ చోటి అసలు పీడనమే కావాలి. భూమి వంపు, కాంతి వంపు కలిసి కిలోమీటరు దూరానికి ఎత్తులో దాదాపు 7 సెం.మీ., రెండు కిలోమీటర్లకు 27 సెం.మీ. తేడా తెస్తాయి. ఆ సవరణ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

నీటి అంచు: ఖర్చులేని లెవెల్

ఇంత దూరం మోసుకొచ్చిన పరికరాల్లో వేటికీ లేని గుణం సరస్సుకు ఉంది. అది కిలోమీటర్ల పొడవునా సమతలం. గాలి లేని ఉదయం అరగంట లోపు చుట్టూ ఐదారు చోట్ల నీటి అంచు ఎత్తు కొలవండి. అన్నీ 5 సెం.మీ. లోపు కలవాలి. కలవకపోతే బేస్‌లోనో, పోల్ ఎత్తులోనో, ఏదో చోట రిసీవర్ సెంటీమీటర్ల దాకా తేల్చని (ఫిక్స్ కాని) స్థానంలోనో తప్పు దాక్కుంది. ముందుకు వెళ్లకముందే వెతికి పట్టుకోండి. తర్వాత డ్రోన్ నమూనా వచ్చినప్పుడు కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చు: ఒడ్డు పొడవునా అంచు ఎత్తు ఒకటే ఉండాలి, మధ్యలో ఉబ్బి చివర్లు వంగితే నమూనా గోపురంలా వంకరపోయినట్టు.

ఒడ్డున అలలు తగలని మూలలో ఒక కొలత కర్ర పాతి, లేదా రాతిమీద రంగుగీత గీసి, దాని ఎత్తును బేస్‌తో ముడిపెట్టండి. రోజూ పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీటిమట్టం ఒక పుస్తకంలో రాయండి. మధ్యాహ్నం కరుగుడుతో మట్టం పెరుగుతుంది, తెల్లవారేసరికి తగ్గుతుంది. మంగళవారం కొలిచిన లోతులను శుక్రవారపు అంచుతో కలపాలంటే ఈ పుస్తకమే దిక్కు.

డ్రోన్

5,000 మీ. ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంలో ఉండేదానిలో దాదాపు 60 శాతం. రెక్కలు వేగంగా తిరగాలి, బ్యాటరీ త్వరగా అయిపోతుంది. మీ మోడల్ ఎంత ఎత్తువరకు ఎగరగలదో కంపెనీ పత్రంలో చూడండి. ఆ అంకె టేకాఫ్ చోటికే కాదు, అది ఎగిరే చోటికీ వర్తిస్తుంది. పత్రంలో 40 నిమిషాలని ఉంటే ఇక్కడ 20 నిమిషాలకే లెక్క వేసుకోండి. బ్యాటరీ 20 డిగ్రీలకు వెచ్చబడకముందు ఎగరేయకండి, 30 శాతం మిగిలుండగానే దింపేయండి. రాత్రి బ్యాటరీలు స్లీపింగ్ బ్యాగులో మనతోనే పడుకోవాలి.

ఒక లెక్క వేసి చూద్దాం. 3.3 మైక్రాన్ల పిక్సెల్, 12.3 మి.మీ. లెన్సు ఉన్న 20 మెగాపిక్సెల్ కెమెరాతో 120 మీ. ఎత్తులో ఎగిరితే నేలమీద పిక్సెల్ 3.2 సెం.మీ. ఒక ఫొటో సుమారు 169 మీ. వెడల్పు, 127 మీ. పొడవు పడుతుంది. పక్క అతివ్యాప్తి (ఒక ఫొటో పక్కదాని మీదికి వచ్చే భాగం) 70 శాతం, ముందు అతివ్యాప్తి 80 శాతం పెడితే గీతల మధ్య ఎడం 50 మీ., ఫొటోల మధ్య 25 మీ. చదరపు కిలోమీటరుకు 20 గీతలు, 800 ఫొటోలు. సెకనుకు 8 మీ. వేగంతో గీతలకే 42 నిమిషాలు, మలుపులూ రాకపోకలూ కలిపి మూడు నాలుగు బ్యాటరీలు. షట్టర్ 1/1000 దగ్గర ఉంచితే మసక 8 మి.మీ. మాత్రమే, పిక్సెల్ కంటే చాలా తక్కువ.

నేల ఎత్తును అనుసరించే మోడ్ లేకుండా పర్వతాల్లో ఎగరకండి. లేకపోతే లోయ వైపు పిక్సెల్ పెద్దదై, కొండ వైపు డ్రోన్ గోడకు తగులుతుంది. దానికోసం ముందే ఎత్తుల నమూనా ఎక్కించాలి. ఇక్కడే మళ్లీ పాత చిక్కు: కొన్ని యాప్‌లు ఎలిప్సాయిడ్ ఎత్తుల ఫైలు అడుగుతాయి. అందులో జియాయిడ్ ఎత్తుల ఫైలు పోస్తే డ్రోన్ తను 120 మీ. పైన ఉన్నాననుకుంటూ, చోటును బట్టి 80 మీ. పైనో 160 మీ. పైనో ఎగురుతూ ఉండవచ్చు. మొదటి గీతను ఎప్పుడూ కళ్లతో చూస్తూ ఎగరేయండి.

ఉదయం ఏడు నుంచి పదిన్నర మధ్య పని ముగించాలి. ఎండ పెరిగాక లోయ గాలి లేస్తుంది, మధ్యాహ్నానికి కట్టమీద నిలబడటమే కష్టం. ఉదయం నీడలు పొడుగ్గా ఉంటాయన్నది నిజమే. నీడలో ఉన్న గోడను మాత్రం పలచటి మేఘం ఉన్న రోజు విడిగా తీయండి. నిలువునా కిందికి చూసే ఫొటోలే తీస్తే గోపురపు వంకర వస్తుంది. గీతలకు అడ్డంగా కొన్ని గీతలు, కెమెరాను 20 - 30 డిగ్రీలు వాల్చి మరికొన్ని కలిపితే అది చాలావరకు పోతుంది. నిటారు గోడలు కూడా అప్పుడే సరిగా తేలతాయి.

ఆర్‌టీకే రేడియో (బేస్ నుంచి డ్రోన్‌కు అప్పటికప్పుడే స్థానపు సవరణ పంపేది) కొండ మలుపులో తెగిపోతుంది. పీపీకే నయం, బేస్ రికార్డు ఉంటే చాలు, ఇంటికొచ్చాక లెక్కించుకోవచ్చు. డ్రోన్ ఆర్‌టీకే రకమైనా సరే, నేలమీద గుర్తులు పది పన్నెండు పెట్టండి. నలుపు తెలుపు గళ్ల గుడ్డ, పక్కకు కనీసం 50 సెం.మీ., నాలుగు మూలలా రాళ్లు. అంచుల్లోనూ, ఎత్తు తగ్గుల్లోనూ పంచాలి. అన్నీ నడవడానికి వీలైన ఒడ్డునే పెడితే దూరపు వాలు గాలిలో తేలుతుంది. మూడు నాలుగింటిని లెక్కలో కలపకుండా తనిఖీకి దాచండి. వాటి దగ్గర తేడా అడ్డంగా ఒకటి రెండు పిక్సెల్లు, నిలువుగా రెండు మూడు పిక్సెల్లు ఉంటే బాగున్నట్టు, అంటే నిలువులో 6 - 10 సెం.మీ.

సరస్సు ఉపరితలం మీద ఫొటోల లెక్క ఎప్పుడూ పిచ్చి ఎత్తులిస్తుంది. నీళ్లకు నిలకడైన గుర్తులుండవు. ఆ భాగం కత్తిరించేసి, అంచు కొలతల నుంచి వచ్చిన మట్టాన్నే సమతలంగా పెట్టండి.

లోతులు

ఈ పని మొత్తంలో ప్రాణభయం ఎక్కువున్నది ఇక్కడే. నీళ్లు 1 - 4 డిగ్రీలు. పడితే మొదటి నిమిషం ఊపిరి అదుపులో ఉండదు, పది నిమిషాల్లో చేతులు చెప్పినమాట వినవు, గంటలోపు స్పృహ పోవచ్చు. డ్రైసూట్, లైఫ్ జాకెట్, ఒడ్డున తాడుతో మనిషి, వీలైతే రెండో పడవ. వీటిలో ఒకటి తగ్గినా పడవ దించకండి. సరస్సులోకి విరిగిపడే మంచు గోడకు దాని ఎత్తుకు పది రెట్ల దూరం ఉండాలి, అదీ 200 మీ.కు తగ్గకుండా. నీటి కింద ముందుకు పొడుచుకొచ్చిన మంచు పాదం హఠాత్తుగా విడిపోయి పైకి లేస్తుంది, పైకి ఏ సూచనా ఉండదు. తేలే మంచుగడ్డలూ కరుగుతూ ఉన్నట్టుండి బోర్లపడతాయి. గోడ దగ్గరి లోతులు కావాలంటే రిమోట్ పడవ పంపండి, లేదా ఆ భాగాన్ని పటంలో ఖాళీగా వదలండి. ఖాళీ వదలడం తప్పు కాదు.

గాలి నింపే తేలికపాటి పడవ, దానికి పక్కన కర్రకు కట్టిన ట్రాన్స్‌డ్యూసర్ (సౌండర్‌లో ధ్వని పంపి అందుకునే భాగం), సరిగ్గా దాని పైనే జీఎన్ఎస్ఎస్ యాంటెన్నా. ఈ అమరిక చాలు. ట్రాన్స్‌డ్యూసర్ నీటిలో ఎంత మునిగిందో, 20 సెం.మీ. అయితే 20, లోతుకు కలపాలి. సౌండర్ గడియారం, జీఎన్ఎస్ఎస్ గడియారం ఒకటేనా చూడండి. స్థానిక సమయం, ప్రపంచ సమయం కలగలిసిన ఫైళ్లు విడదీయడానికి రోజులు పడుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. ధ్వని వేగం. చాలా సౌండర్లలో ముందే పెట్టి ఉండే విలువ సెకనుకు 1,500 మీ. 2 డిగ్రీల మంచినీటిలో ధ్వని 1,412 మీ. వేగంతోనే పోతుంది, 4 డిగ్రీల దగ్గర 1,421. అంటే తెర 100 మీ. అన్నచోట నిజం 94. తప్పు అన్ని లోతుల్లోనూ ఒకే నిష్పత్తిలో ఉంటుంది కాబట్టి పటం సహజంగానే కనిపిస్తుంది, ఎవరికీ అనుమానం రాదు, సరస్సులో నీళ్లు మాత్రం ఆరు శాతం ఎక్కువ తేలతాయి. ఉష్ణోగ్రత కొలిచి వేగం సరిచేయండి, లేదా ముడి లోతులను ఆ నిష్పత్తితో గుణించండి. ఏది చేశారో పుస్తకంలో రాయండి, రెండూ చేసిన సందర్భాలూ ఉన్నాయి. తనిఖీకి, సాగని తాడుకు ఇనుప పలక కట్టి ట్రాన్స్‌డ్యూసర్ కింద 5 మీ., 10 మీ. లోతుకు దించి, తెర ఏమంటుందో చూడండి.

హిమానీనదం రుబ్బిన సన్నటి రాతిపిండి వల్ల నీళ్లు పాలలా ఉంటాయి. ఆ పిండి అడుగున దట్టంగా పేరుకున్నచోట 200 కిలోహెర్ట్జ్ ధ్వని మెత్తటి పైపొర నుంచే తిరిగొచ్చేస్తుంది, లేదా లోతైన చోట పూర్తిగా పోతుంది. 50 కిలోహెర్ట్జ్ లోతుకు పోతుంది, కానీ దాని పుంజం వెడల్పు. 20 డిగ్రీల పుంజం 50 మీ. లోతులో దాదాపు 18 మీ. వ్యాసమున్న వలయాన్ని తాకుతుంది. వలయంలో ఏది దగ్గరగా ఉంటే దాని ప్రతిధ్వనే ముందొస్తుంది. అందుకే నిటారుగా దిగే ఒడ్డు దగ్గర లోతు ఎప్పుడూ తక్కువగానే నమోదవుతుంది. ఆ ఒడ్డుల్లో సన్నటి పుంజం వాడండి, కొన్నిచోట్ల గుండు కట్టిన తాడుతో కొలిచి సరిచూడండి. రెండు ఫ్రీక్వెన్సీలుంటే రెండూ రికార్డు చేయడమే మంచిది.

1.5 కి.మీ. పొడవు, 500 మీ. వెడల్పు సరస్సుకు 50 మీ.కో అడ్డగీత అంటే 30 గీతలు, 15 కి.మీ. సెకనుకు మీటరు చొప్పున నాలుగు గంటల పైమాట. గాలి లేచేలోపు ఒక్క ఉదయంలో అయ్యే పని కాదు, రెండు ఉదయాలు కేటాయించండి. చివర్లో నిలువుగా రెండు గీతలు తిరగండి. అడ్డగీతల్ని దాటే ప్రతిచోటా రెండు లోతులు కలవాలి. లోతులో ఒకటి రెండు శాతం తేడా ఫర్వాలేదు. రెండు రోజుల గీతల మధ్య ఒకే దిశలో తేడా వస్తుంటే నీటిమట్టం సవరణ మరిచిపోయినట్టు.

పరిమాణం లెక్కించేటప్పుడు ఒడ్డు గీతను సున్నా లోతుగా తప్పక కలపండి. ఆ గీత డ్రోన్ ఇచ్చినదైతే, ఆ రోజు మట్టానికీ పడవ రోజు మట్టానికీ తేడా తీసేయండి. ఇక్కడ కొలత కర్ర పుస్తకం పనికొస్తుంది.

గడ్డకట్టిన సరస్సు మీద రంధ్రాలు తొలిచి గుండుతాడుతో కొలవడం నెమ్మదైన పనే, ఖచ్చితమైనదే. ఒక మనిషి నడవడానికి స్వచ్ఛమైన గట్టి మంచు కనీసం 10 సెం.మీ. ఉండాలి, పాలరంగు మంచుకు బలం సగమే, దానికి రెట్టింపు మందం కావాలి. నీళ్లు చేరే చోటా, అలుగు దగ్గరా మంచు పల్చగా ఉంటుంది, అటు వెళ్లవద్దు.

కట్ట, అలుగు

డ్రోన్ ఎంత బాగా తీసినా కట్టను కాలినడకన కూడా కొలవాలి. తల పొడవునా 5 మీ.కో బిందువు, 20 - 25 మీ.కో అడ్డకోత, లోపలి నీటి అంచు నుంచి బయటి వాలు కిందిదాకా. తలమీద అత్యంత తగ్గున్న చోటు ఏదో తేల్చండి. ఎడం అంటే ఆ తగ్గుకూ నీటిమట్టానికీ ఉన్న తేడా, సగటు తలకు కాదు. నీటిమట్టం దగ్గర కట్ట మందం ఎంతో కూడా కావాలి.

అలుగు కాలువలో డ్రోన్‌కు కనిపించేది నీటి పైభాగమే. అడుగు ఎత్తు, వెడల్పు చేతితోనే కొలవాలి, నడుముకు తాడు కట్టుకుని, వేకువన నీళ్లు తక్కువున్నప్పుడు. అక్కడి పెద్ద బండల మధ్యస్థ వ్యాసం (పొడవుకూ మందానికీ నడిమి కొలత) పాతిక ముప్పై రాళ్లకు కొలిచి రాయండి. ప్రవాహం వాటిని దొర్లించగలదా లేదా అన్నదే కట్ట ఎంత వేగంగా కోసుకుపోతుందో తేలుస్తుంది. బయటి వాలులో ఊట, తడి మరక, కొత్త మడుగులు, మంచు కనిపించే చీలిక ఏది ఉన్నా బిందువు పెట్టి ఫొటో తీయండి. పది పదిహేను పెద్ద రాళ్లమీద రంగుతో సిలువ గుర్తు వేసి స్థానం కొలిచిపెట్టండి. వచ్చే ఏడాది వాటిని మళ్లీ కొలిస్తే కట్ట లోపలి మంచు కరుగుతోందో లేదో తేలుతుంది. బేస్‌ను పర్వత శిలమీద పెట్టమన్నది దీనికోసమే.

చుట్టూ ఉన్న వాలులు

చాలా పటాలు నీటి అంచు నుంచి రెండొందల మీటర్లకు ఆగిపోతాయి. ప్రమాదం తరచూ అంతకుపైన ఉంటుంది. 1985లో నేపాల్‌లోని డిగ్ త్సో సరస్సు తెగింది పైనుంచి మంచు కూలి నీళ్లలో పడటం వల్ల. 2023 అక్టోబరులో సిక్కింలోని సౌత్ లోనాక్ సరస్సులోకి పక్కనున్న గడ్డకట్టిన మొరైన్ వాలే జారింది. ఆ వరద చుంగ్‌థాంగ్ దగ్గరి తీస్తా-3 ఆనకట్టను ఊడ్చేసింది. కాబట్టి సరస్సు వైపు నీళ్లు వాలే ప్రతి శిఖరరేఖ దాకా పటం ఉండాలి. అంత మేర డ్రోన్ అక్కర్లేదు, ఉపగ్రహ నమూనా చాలు. పక్క మొరైన్ లోపలి వాలును మాత్రం డ్రోన్‌తో తీయండి, అక్కడి చీలికలు 30 మీ. నమూనాకు కనిపించవు.

పాత నమూనాతో కొత్తది పోల్చి ఎత్తు మార్పు తీసేముందు రెండింటినీ కదలని శిలావాలుల మీద సరిపెట్టాలి. అడ్డంగా ఒక పిక్సెల్ జరుగుడు నిటారు వాలుల్లో పదుల మీటర్ల దొంగ మార్పు చూపిస్తుంది. ఒక దిక్కు వాలులన్నీ పెరిగినట్టూ ఎదుటి దిక్కువన్నీ తగ్గినట్టూ కనిపిస్తే అదే రోగం. 2011లో నూత్, కాబ్ ప్రతిపాదించిన సవరణ పద్ధతి సరిగ్గా దీనికే.

డేటా, పటం

ప్రతి రాత్రి గుడారంలోనే ఫైళ్లు తెరిచి చూడాలి. బేస్ ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఉందా, ఫొటోలకు స్థానాలున్నాయా, సౌండర్ ఫైలులో సున్నాలు ఎన్ని. మూడు ప్రతులు, వేర్వేరు సంచుల్లో, వేర్వేరు మనుషుల దగ్గర. ఒకటి నదిలో పడుతుందని అనుకునే సర్దుకోండి.

సమోన్నత రేఖల ఎడం కట్ట దగ్గర 1 మీ., సరస్సు చుట్టూ 5 మీ., పై వాలులకు 20 మీ. ఉంటే చదవగలిగేలా ఉంటుంది. అన్నిచోట్లా 1 మీ. గీస్తే గోడలు నల్లటి మరకలవుతాయి, పైగా 30 మీ. నమూనా నుంచి 1 మీ. రేఖలు గీయడం అబద్ధం చెప్పడమే. నేలమీద గోధుమరంగు రేఖలు, మంచుమీద నీలం రేఖలు వాడటం పాత ఆనవాయితీ. రాళ్లు కప్పిన మంచుకు ఏ రంగు వాడారో సూచికలో చెప్పండి, అది వాదనలు తెచ్చే చోటు. కొలిచిన భాగం, ఉపగ్రహం నుంచి ఎత్తిరాసిన భాగం, అసలు కొలవని భాగం మూడూ వేర్వేరు గీతలతో కనబడాలి. ఊళ్లకూ కనుమలకూ పశువుల కాపరులు వాడే పేర్లు అడిగి, వాళ్లు పలికినట్టే రాయండి.

అంచున ఒక పెట్టెలో జియాయిడ్ పేరు, యూటీఎమ్ జోన్, బోల్టుల స్థానాలు, వాటికి చేరుకునే ఆనవాళ్లు, నీటిమట్టం ఎత్తు వేయండి. నీటిమట్టం పక్కన కొలిచిన తేదీ, గంట రెండూ ఉండాలి.